ఊరివైపు తిరిగిన కపాలాలు

కరాళగిరి శిఖరాల మీద తెల్లవారుతున్నది. తూర్పున కుంకుమవర్ణం, పడమట ఇంకా వీడని నీలిమ, నడుమ లోయ నిండా పొగమంచు. వెదురు కొనల నుంచి మంచుబిందువులు జారి రాళ్ళ మీద టపటప రాలుతున్నాయి. అడవిమల్లెల పరిమళాన్ని మోసుకుంటూ చల్లగాలి వీస్తున్నది. అంతటి అందమైన వేళ హేలాపురి యువరాజు సుకేతుడు ఒక నీటిబుగ్గ పక్కన దొంగలా చతికిలబడి, మొలలోంచి నల్లని గుళిక ఒకటి తీసి నీళ్ళలోకి జారవిడిచాడు.

గుళిక బుడుంగున మునిగింది. ఒక బుడగ పైకొచ్చి పగిలింది. నీళ్ళు మళ్ళీ ఎప్పటిలా తేటపడ్డాయి.

యువరాజు చేతులు తుడుచుకుని తనలో తాను నవ్వుకున్నాడు. గొప్ప సాహసకార్యం చేశాననే అనుకున్నాడు పాపం. ఆ నవ్వు అతని ముఖాన ఎంతోసేపు నిలవలేదు.

ఇంతకూ అతను అక్కడికి వచ్చిన పనేమిటో చెప్పాలి. కరాళగిరి మీద ఉండేవాళ్ళను హేలాపురి జనం పుర్రెమూకలు అంటారు. అన్నం తిననని మారాం చేసే పిల్లలకు తల్లులు పుర్రెమూకల పేరు చెప్పే ముద్దలు పెడతారు. కారణం లేకపోలేదు. కొండ అంచున బారుగా రాతిగూళ్ళు, గూటికొకటి చొప్పున మనుషుల కపాలాలు, అన్నీ హేలాపురి వైపే గుడ్లప్పగించి చూస్తుంటాయి. మబ్బులేని రోజున కోటబురుజు ఎక్కితే ఆ తెల్లని బారు కనిపిస్తుంది. సుకేతుడు ఉయ్యాలలో ఉండగా అతని తండ్రి బృహత్కేతు మహారాజు ఆ మూకలను అణచడానికి సేనతో కొండెక్కాడు. తిరిగి వచ్చింది ఆస్థాన మాంత్రికుడు కాలజిహ్వుడు ఒక్కడే. ‘మహారాజును కాల్చుకు తిన్నారు, కళ్ళారా చూశాను’ అని అతను సభలో గుండెలు బాదుకున్నాడు. అప్పటి నుంచి ఆ మాటకు ఎదురులేదు.

ఆ గుళిక ఇచ్చింది కూడా కాలజిహ్వుడే. ‘ఇది కలిసిన నీళ్ళు తాగితే పుర్రెమూకలు పొద్దుగూకేదాకా లేవరు. పని సులువుగా అయిపోతుంది’ అన్నాడు. కనుమ దిగువన సేన పొంచి ఉన్నది. దానికి నాయకుడు గండప్ప. సుకేతుడూ అతనూ ఒకే దాది పాలు తాగి పెరిగారు. పుర్రెమూకల మాటలో వశీకరణం ఉంటుందని మాంత్రికుడు చెప్పగా, సుకేతుడు తన చేతులతోనే భటులందరికీ దూది పంచాడు. ‘చెవుల్లో గట్టిగా కుక్కుకోండి. ఒంటికి జేగురు ఎర్రమన్ను పూసుకున్నవాడు ఎవడు కనిపించినా, వాడు ఏం అరిచినా, కొట్టిపారేయండి’ అని ఆజ్ఞాపించాడు. ఆ తరువాత తానే, భటులకు కనబడకుండా పొదలచాటున, ఒంటినిండా జేగురు, తుమ్మబంక కలిపి పులుముకుని, పడమటి గట్టు నుంచి దారితప్పిన తేనెగాడి వేషం కట్టి నిన్న సాయంత్రం ఈ గూడెం చేరాడు.

వాళ్ళు అతన్ని ఏమీ అడగలేదు. ఆకుదొన్నెలో ఏదో పోసి పెట్టారు. నరమాంసమేమోనని అతను వేలితో కెలికి చూసుకున్నాడు. సామగంజి, అందులోకి నంజుకోవడానికి చింతచిగురు. ఆకలి మీద ఉన్నాడు కనుక రెండోసారి అడిగి మరీ తాగాడు.

కొమ్ముబూర మోగింది. గుడిసెల్లోంచి ఆడామగా కడవలతో బుగ్గ దగ్గరికి వచ్చారు. ముందు నడుస్తున్నది ఆ గూడేనికి పెద్ద ఈరవ్వ. ఒళ్ళు ముడతలు పడింది కాని నడకలో తొట్రుపాటు లేదు. సుకేతుడు ఓరగా చూస్తూ నిలబడ్డాడు. ‘తాగండి, తాగండి’ అంటున్నది అతని మనసు.

ఎవరూ తాగలేదు. పసిపిల్ల ఒకతె దాహమని చెయ్యి ముంచబోతే తల్లి ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"అబ్బీ, తేనెగాడా, ఊరికే నిలబడినావేంది? నువ్వూ ఒక కడవ పట్టు" అన్నది ఈరవ్వ.

"ఎక్కడికి అవ్వా?"

"చుట్టాల కాడికి."

కడవ భుజానికెత్తుకుని అతను ఆమె వెంట నడిచాడు. రాతిమెట్లు ఎక్కి అంచుకు చేరేసరికి అతని కాళ్ళు ఆగిపోయాయి. అవే గూళ్ళు, అవే కపాలాలు. చిన్ననాటి నుంచి కలలోకి వచ్చి భయపెట్టినవే. కాని ఇంతకాలం వాటిని కింద నుంచి చూశాడు, ఇప్పుడు వెనక నుంచి చూస్తున్నాడు. ఒక్కొక్క కపాలం కింద మెత్తని దర్భపరుపు ఉన్నది. నూనె రాసి తుడిచిన నిగారింపు ఉన్నది. గూటిలో నిన్నటి పువ్వులు వాడి ఉన్నాయి. ఈరవ్వ ఒక కపాలాన్ని రెండు చేతులా ఒడిలోకి తీసుకుని నీళ్ళు పోస్తూ, "లే నాయనా, తెల్లారింది" అన్నది. తుడిచి మళ్ళీ గూట్లో పెట్టేటప్పుడు, కొంచెం పక్కకు తిరిగితే సరిచేసి, తిన్నగా హేలాపురి వైపు పెట్టింది.

సుకేతుడు అడిగాడు: "ఎందుకవ్వా, వీటిని ఆ ఊరివైపే తిప్పి పెడతారు?"

"కొట్లాటకొచ్చి ఈడనే పోయినోళ్ళు వీళ్ళు. వాళ్ళ ఊరు గదా అది. చూసుకుంటా ఉండనీ. మనకి వాళ్ళ పేర్లు తెలీవు, యా ఇంటోళ్ళో తెలీదు. ఇట్ల పెడితే కిందోళ్ళు ఎప్పుడన్నా తలెత్తి చూసి, మా నాయన, మా అన్న అని గుర్తుపట్టి తీసుకుపోతారని మా పెద్దలు పెట్టినారు."

"ఎవరైనా వచ్చారా?"

"ఒక్కడూ రాలే. మేము చిన్నప్పుడు మారాం చేస్తే మా అమ్మ అదే చెప్పి బెదిరించేది. అన్నం తినకపోతే నిన్ను కిందోళ్ళకి ఇచ్చేస్తా, చచ్చినా తిరిగి చూడరు వాళ్ళు, అని."

యువరాజు చెవులు వేడెక్కాయి.

"మరి మీరు నీళ్ళు ఎప్పుడు తాగుతారు?" అన్నాడు.

"ముందు చుట్టాలకి. తర్వాత కిందోళ్ళకి. ఆమీద మనకి. మీ పడమటి గట్టులో అట్ల చెయ్యరా?" అంటూ ఆమె అతనికేసి ఒకసారి చూసింది. "ఈ బుగ్గ నీళ్ళే తూములోంచి కనుమలోకి పోయి వాళ్ళ ఏరు అవుతాది. పొద్దుపొద్దున తూముపలక ఎత్తి, పారిందాకా చూసి, అప్పుడు మనం తాగల్ల. మా మనవరాలు మొయిలి ఇందాకనే ఎత్తి వచ్చింది."

నడుముకు రాళ్ళు విసిరే వడిసెల చుట్టుకున్న పిల్ల ఒకతె అవునన్నట్టు తలూపింది. హేలాపురిలో ఆ ఏటిని దేవతలు ఇచ్చారని ఏటేటా ఉత్సవం చేస్తారు. పూజారులు వెండిపళ్ళేల్లో హారతులిస్తారు. పలక ఎత్తేవాళ్ళ సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఈరవ్వ చిట్టచివరి గూటి ముందు కూర్చున్నది. ఆ గూడు మిగతావాటికంటే పెద్దది. "ఈయన పెద్ద చుట్టం. యుద్ధంలో పోలేదు. వీపులో బాణంతో పాక్కుంటా మా గడపలోకి వచ్చినాడు. మాకాడ బాణాలు యాడుండాయి? వడిసెలలే గదా. ఆయన వెనకాల నిలబడిన సొంతమనిషే కొట్టినాడంట. నా ఒళ్ళోనే తల పెట్టుకుని, మా వాడు ఉయ్యాలలో ఉన్నాడు, పెద్దయినాక వస్తాడు, అప్పటిదాకా ఉంచు తల్లీ అన్నాడు. ఉంచినా" అంటూ కపాలాన్ని తీసి ఇటు తిప్పింది.

ముందుపన్ను సగం విరిగి ఉన్నది. దర్భపరుపు మీద మకరకుండలం ఒకటి మెరుస్తున్నది. దానికి జోడు సుకేతుడి తల్లి పూజామందిరంలో ఉన్నది. ఆ పన్ను ఎలా విరిగిందో కూడా తల్లి ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది. నిన్ను ఉయ్యాలలో ఊపుతూ తానే బోర్లాపడ్డాడు మీ నాన్న, అని.

తండ్రిని కాల్చుకు తిన్నారన్నవాళ్ళు ఇన్నేళ్ళూ ఆయనకు పొద్దున్నే నీళ్ళు పోసి, ఆయన ఊరు ఆయనకు చూపిస్తున్నారు. కన్నకొడుకు మాత్రం వాళ్ళ నీళ్ళలో మందు కలిపి వచ్చాడు. ఆ జేగురు రంగు కింద ముఖం ఎంత నల్లబడిందో ఎవరికీ కనబడకపోవడమే ఆ క్షణాన అతనికి మిగిలిన అదృష్టం.

ఈరవ్వ మహారాజుకు స్నానం చేయించి, అదే కడవలోంచి దోసిట నీళ్ళు తీసుకున్నది. పెద్ద చుట్టానికి పోయగా మిగిలిన నీళ్ళే గూడెంలో మొదటి గుక్క. ఆమె తాగాక తక్కినవాళ్ళు తాగుతారు. దోసిలి పెదవుల దాకా వెళ్ళింది.

సుకేతుడు ఒక్క ఉరుకున వెళ్ళి ఆ చేతులను కొట్టాడు. కడవ దొర్లి పగిలింది. జనం హాహాకారం చేశారు. మరుక్షణం మొయిలి అతన్ని వెల్లకిలా పడదోసి గొంతు మీద కత్తి ఆనించింది.

"తాగొద్దు. బుగ్గలో నిద్రమందు ఉంది. కలిపింది నేనే. నేను తేనెగాణ్ణి కాదు, హేలాపురి యువరాజుని. అది మా నాన్న తల" అన్నాడు సుకేతుడు.

కడవనీళ్ళు రాళ్ళ మీద పారుతున్నాయి. ఒక మేకపిల్ల వచ్చి నాలుగు చుక్కలు నాకింది. నాకి, తలెత్తి, మూతిన నీలి నురుగు కక్కుతూ కాళ్ళు బిగదన్ని పడిపోయింది.

అందరూ దానికేసి చూశారు. సుకేతుడూ చూశాడు. "నిద్రమందన్నాడు... కాలజిహ్వుడు నిద్రమందనే చెప్పాడు" అన్నాడు తడబడుతూ. తండ్రి వీపులో బాణం దించిన చెయ్యి ఎవరిదో అతనికి అప్పుడు అర్థమైంది.

"నిద్రమందే అనుకో. మేము నిద్రపోయినాక ఏం చేద్దామనుకున్నావు?" అని అడిగింది మొయిలి.

దానికి జవాబు కనుమ దిగువన కత్తులు నూరుకుని కూర్చున్నది. అతను కళ్ళు మూసుకున్నాడు.

"కత్తి తీయమ్మీ" అన్నది ఈరవ్వ. ఆమె గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉన్నది. "నువ్వు పడమటి గట్టోడివి కాదని నిన్ననే తెలుసబ్బీ. గంజి పోస్తే చుట్టాలకి చూపించకుండానే తాగినావు. నీ ముక్కు చూసినా, మీ నాయన ముక్కే. తండ్రి ఎముకల కోసం వచ్చినాడు, ఇన్నాళ్ళూ రానందుకు సిగ్గుపడి ఏసం ఏసుకున్నాడు అనుకున్నా. గూడెంలో అందరికీ అదే చెప్పినా. పొద్దున నీ చేతికి కడవ ఇచ్చింది అందుకే."

ఇంతకంటే ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. సుకేతుడికి భూమి చీలి తనను మింగేస్తే చాలుననిపించింది. కాని భూమి అంత సులువుగా ఎవరినీ మింగదు. పైగా చెయ్యవలసిన పని కొండంత ఉన్నది. తూము ఎత్తి చాలాసేపయింది. విషజలం కనుమ మలుపులు తిరుగుతూ కిందికి పోతున్నది. రాత్రి పలక దించాక నీళ్ళు లేక దాహంతో ఉన్న సేన ఆ కనుమ నోటి దగ్గరే ఉన్నది. వాళ్ళ వెనక హేలాపురి మొత్తం ఉన్నది.

"పలక దించండి. బుగ్గ నీళ్ళు పాతగుంటలోకి తిప్పండి" అని ఈరవ్వ కేక వేసింది. మనుషులు పరుగులు తీశారు. "పోయిన నీళ్ళు మాత్రం పోయినట్టే. కిందికి చేరేలోగా ఎవరన్నా పోయి చెప్పల్ల."

"నేను పోతాను" అన్నాడు సుకేతుడు లేస్తూ.

"దీనికి విరుగుడు కాకిశిఖరం మీద ఉండే తెల్లగరుడ వేరు. నేను తెస్తా. కిందికే తెస్తా" అన్నది మొయిలి.

"వాళ్ళు మిమ్మల్ని చంపడానికి వచ్చినవాళ్ళు."

"తెలుసు. నీళ్ళు మావి గదా" అని ఆ పిల్ల వెనక్కి చూడకుండా బండలెక్కి పోయింది.

సుకేతుడు ఒంటి మీది జేగురు కడుక్కోవడానికి చెయ్యి చాచి ఆగిపోయాడు. కడుక్కోవడానికి చుట్టుపక్కల విషం లేని నీటిచుక్క లేదు. ఈరవ్వ కపాలాన్ని, మకరకుండలాన్ని మెత్తని నారబట్టలో చుట్టి అతని చేతిలో పెట్టింది.

"తీసుకుపో. తీసుకుపోడానికే వచ్చినాడని నేను చెప్పిన మాట అబద్ధం కాకూడదు."

అతను ఆమె పాదాలు తాకి పరుగు అందుకున్నాడు.

కరాళగిరి నుంచి దిగడమంటే మాటలు కాదు. నిలువుగోడ వంటి కొండచరియకు ఊడలు వేలాడుతున్నాయి. తండ్రి శిరస్సును ఛాతీకి కట్టుకుని సుకేతుడు ఒక ఊడ పట్టి జారాడు. సగంలో ఊడ పుటుక్కున తెగింది. గిరికీలు కొడుతూ పోయి ముళ్ళపొదలో పడ్డాడు. ఆ దెబ్బకు పొదలో పడుకున్న ఎలుగుబంటి లేచి గుర్రుమన్నది. అతను ఆగలేదు, అదీ ఊరుకోలేదు. ఇద్దరూ ఒకరి వెంట ఒకరు గులకరాళ్ళ వాలు మీద జారారు. అంచు రాగానే సుకేతుడు అవతలి గట్టుకు దూకాడు, ఎలుగు తెలివైనది కనుక ఆగిపోయింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. పక్కనే కనుమలో నీళ్ళు గలగలమంటూ దిగుతున్నాయి. పారే నీటి ముందంచు వెంబడి చచ్చిన చేపలు తెల్లగా తేలుతూ వస్తున్నాయి. అతను ఆ నీళ్ళతో పందెం వేసుకుని పరుగెత్తాడు.

చివరి మలుపు దాటేసరికి కనుమ నోరు కనిపించింది. పతాకాలు, గుర్రాలు, ఎండకు మెరిసే డాలులు. అప్పుడే నీటిపాయ ఇసుకలోకి అడుగుపెట్టింది. చేపలు పైన మలుపులోనే బండలకు తట్టుకుని ఆగిపోయాయి, అందుకే నీళ్ళు చూపుకు తేటగా ఉన్నాయి. దాహంతో అల్లాడుతున్న భటులు దోసిళ్ళు పట్టుకుని వంగుతున్నారు.

"తాగకండి" అని గొంతు చించుకుని అరిచాడు సుకేతుడు. "గండప్పా, నేనురా. నీళ్ళలో విషం ఉంది."

ఒక్కడూ తలెత్తలేదు. అందరి చెవుల్లోనూ దూది ఉన్నది. ఆ దూది పంచింది అతనే.

గుర్రమొకటి బెదిరి ముందుకాళ్ళు ఎత్తగా గండప్ప ఇటు తిరిగి చూశాడు. కొండ మీద నుంచి జేగురుముఖం వాడొకడు, నెత్తురు కారుతూ, నోరు తెరుచుకుని, చినిగిన బట్టలోంచి కనిపించే మనిషి పుర్రెను ఛాతీకి కట్టుకుని దూసుకొస్తున్నాడు. ఎలా కనిపిస్తున్నాడో సుకేతుడికి అప్పుడు తెలిసింది. తానే ఆ ఇసుకలో నిలబడి ఉంటే తానూ బాణం వేసేవాడు.

గండప్ప గురి ఎన్నడూ తప్పదు. బాణం తొడలో దిగింది. సుకేతుడు కూలబడి, డేక్కుంటూ నీటి అంచుకు చేరాడు. అరుపు పనికిరాదు. చూపించగలిగింది ఒక్కటే మిగిలింది. అతను తండ్రి శిరస్సును పక్కన రాతి మీద పెట్టి, హేలాపురి వైపు తిన్నగా తిప్పాడు. ఆ తరువాత అందరూ చూస్తుండగా దోసిలి నిండా నీళ్ళు తీసుకుని గడగడ తాగాడు.

నాలుక మంట పుట్టింది. గొంతు బిగుసుకుంది. పెదవుల మీద నీలి నురుగు పొంగింది. కాళ్ళూ చేతులూ కొయ్యబారి అతను ఇసుకలో పక్కకు ఒరిగాడు. కళ్ళు మాత్రం చూస్తున్నాయి. చెవులు మాత్రం వింటున్నాయి.

భటులు బెదిరిపోయి దోసిళ్ళు ఇసుకలో కుమ్మరించారు. ఒక్కరూ తాగలేదు. ఆ సంగతి చూసి సుకేతుడు లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊరట గండప్ప నోరు తెరిచేదాకానే.

"చూశారా? పుర్రెమూకలు నీళ్ళలో విషం కలిపారు" అని గండప్ప అరిచాడు. చెవుల్లో దూది వల్ల అతని గొంతు మరీ పెద్దగా వినిపించింది. అతను వచ్చి రాతి మీది కపాలాన్ని, పక్కన జారిన మకరకుండలాన్ని చూశాడు. రాజవంశపు కుండలం అది. "యువరాజుని చంపేశారు. నిన్న వెళ్ళినవాణ్ణి ఒలుచుకు తిని ఇది మిగిల్చారు. సుకేతా, తమ్ముడా" అంటూ కపాలాన్ని గుండెకు హత్తుకుని భోరుమన్నాడు.

తాను చేసిన పాపం తన కళ్ళముందే వాళ్ళ నెత్తిన పడుతుంటే సుకేతుడు నాలుక కూడా కదపలేకపోయాడు. ఒక్క చెయ్యి కొంచెం కదిలింది. శక్తినంతా ఆ చేతిలోకి తెచ్చుకుని గండప్ప చీలమండ పట్టుకున్నాడు. గండప్ప అసహ్యంగా కాలు విదిలించాడు.

సరిగ్గా అప్పుడు కనుమ పైన రాయి మీద ఒక ఆకారం కనిపించింది. ఒంటినిండా జేగురు, నడుమున వడిసెల, పైకెత్తిన పిడికిట్లో తెల్లని వేరు. మొయిలి ఒక్కతే వచ్చింది. సేన యావత్తూ బాణాలు సంధించి వింటినారి చెవుల దాకా లాగింది.

"అబ్బీ, వేరు దొరికింది, వస్తాండా" అని ఆమె కేక వేసింది.

ఆ లోయలో ఆ మాట విన్నవాడు సుకేతుడు ఒక్కడే.